నిండు బస్సులో పాట

'తేన్‌మొళి' బస్సులో పాట సరిచెయ్యాలంటే ముందు బస్సు నిండాలి. బస్సులకు స్పీకర్లు బిగించి సరిచేసే చెన్నియప్పన్ ఈ ముక్క ఇరవై రెండేళ్లుగా చెబుతూనే ఉన్నాడు. షెడ్డులో ఖాళీగా ఉన్నప్పుడు రేకులూ అద్దాలూ ప్రతి శబ్దాన్నీ తిప్పికొడతాయి. అదే లెక్కన సన్నటి శబ్దాల చురుకు తగ్గించేస్తే, రేపు ఎనభై మంది ఎక్కాక పాట గొంతు పూడుకుపోతుంది. మనుషుల ఒళ్లు, చీరలు, మూటలు అన్నీ పాటను తాగేస్తాయి. అందుకే అతను పొల్లాచ్చిలో పొద్దుటి ట్రిప్పు ఎక్కి, ఖాళీ అయిన ప్రతి సీట్లోకీ మారుతూ పళని దాకా వినేవాడు.

"ఏమన్నా, ఒక్కచోట కూర్చోలేవా? మూలశంకేమైనా ఉందా?" అని కండక్టరు మారప్పన్ వెక్కిరించేవాడు.

ఒకప్పుడు అతని చేతిలో పదకొండు బస్సులుండేవి. పాట బాగా వినిపించే బస్సు కోసం జనం ముందొచ్చిన బస్సును వదిలేసి ఎండలో నిలబడిన రోజులవి. అవన్నీ ఒక్కొక్కటే పోయి, చివరికి తేన్‌మొళి మిగిలింది. ఇప్పుడు దాని ఓనరు దురైరాజ్ కూడా పాత స్పీకర్లు తీసేస్తానన్నాడు. చెడ్డవాడు కాదు. పాత సెట్టు బ్యాటరీని తినేస్తోంది, వానాకాలం వస్తే ఏదో ఒకటి పాడవుతోంది. పెన్‌డ్రైవు పెట్టే చిన్న డబ్బా చాలునన్నాడు.

"జనం వినేది పాటని అన్నా, స్పీకర్లని కాదు. ఎవరి చెవిలో చూసినా సొంత వైరే ఉంది."

చెన్నియప్పన్ బతిమాలలేదు. ఒక్క వారం అడిగాడు. ఎవరికీ చెప్పకుండా కొత్త డబ్బా పెడదాం, పాటకేమైందని ఒక్కరడిగినా పాత సెట్టు ఉంచాలి, ఎవరూ అడక్కపోతే తన చేత్తోనే విప్పి ఇచ్చేస్తానన్నాడు. దురైరాజ్ సరేనన్నాడు.

సోమవారం ఎవరూ అడగలేదు. మంగళవారమూ అంతే. సీట్లు ఎప్పటిలాగే నిండాయి. ఎక్కగానే నిద్రపోయే ఒక చంటిపిల్ల ఉడుమలై దాకా గుక్కపట్టి ఏడ్చింది. కడుపునొప్పేమోనని తల్లి వాము నీళ్లు పట్టింది. గురువారం ఉండబట్టలేక చెన్నియప్పన్ తనే ఎక్కాడు. మోతకు లోటు లేదు. కానీ తబలా, వీణ ఒకే ముద్దయిపోయాయి. చరణం ఎత్తుకునే ముందు పాడే మనిషి తీసే ఊపిరి ఎక్కడా లేదు. చుట్టూ చూశాడు. ఒక్క ముఖంలోనూ తేడా లేదు. ఇన్నేళ్లూ తను సరిచేసింది తన ఒక్కడి కోసమేనా అనిపించి, మడత్తుకుళం రాకముందే దిగిపోయాడు.

శనివారం జరిగిన సంగతి సాయంత్రం షెడ్డులో మారప్పన్ నవ్వుతూ చెప్పాడు. నూలు మిల్లులో రాత్రి షిఫ్టు చేసే తంగమణి రోజూ నాలుగో వరసలో కూర్చుంటుంది. రాత్రంతా కదుళ్ల హోరులో ఉండి వచ్చే మనిషి. దిగుతూ దిగుతూ డ్రైవరు మయిల్‌సామిని పట్టుకుందట.

"ఏమన్నా, ఈ వారమంతా ఎందుకింత మొరటుగా తోలుతున్నావు? దిగేసరికి తల పగిలిపోతోంది. ఇంట్లో వదినతో గొడవైతే మా మీదా చూపించేది?"

బస్సంతా నవ్విందట. దురైరాజ్ కూడా నవ్వాడు. తర్వాత, ఆమె అడిగింది తోలడం గురించే గాని పాట గురించి కాదు కదా అన్నాడు. మాట మాటే. చెన్నియప్పన్ తలూపి, పాత స్పీకర్ల స్క్రూలు విప్పడానికి నిచ్చెన తెచ్చుకున్నాడు.

మయిల్‌సామి మాత్రం నవ్వలేదు. నిచ్చెన మీద చెయ్యి వేసి ఆపి, దురైరాజ్ వైపు తిరిగాడు.

"పద్దెనిమిదేళ్లుగా అదే రోడ్డు, అదే బ్రేకు, అదే నేను. ఈ వారం మారింది ఆ డబ్బా ఒక్కటే. తప్పు దానిది, తిట్లు నాకా? అది ఉన్నన్నాళ్లు నేను తాళం ముట్టను తంబీ. ఇంకెవరినైనా చూసుకో."

దురైరాజ్ తగ్గాడు. ఈ బండికి ఇంకా రెండేళ్ల ఆయుష్షుంది, అప్పటిదాకా పాత సెట్టే ఉండనిమ్మన్నాడు. కొత్త బండి వచ్చాక మాత్రం దీని ఊసెత్తొద్దన్నాడు. చెన్నియప్పన్‌కు యాభై తొమ్మిది నడుస్తోంది. మళ్లీ ఇంకో బండి అడిగే ఓపిక తనకీ లేదనుకున్నాడు.

సోమవారం పొద్దున, నిండు బస్సులో, మళ్లీ సీటు సీటుకీ మారుతూ సరిచేశాడు. నాలుగో వరసలో తంగమణి కిటికీకి తల ఆనించి నిద్రపోతోంది. మడత్తుకుళంలో మారప్పన్ లేపాల్సి వచ్చింది. కొంగు సర్దుకుని దిగుతూ డ్రైవరుతో అంది:

"ఇవాళ బాగా తోలావన్నా."

మయిల్‌సామి అద్దంలోంచి వెనక్కి చూశాడు. చెన్నియప్పన్ ఆ చూపును పట్టించుకోలేదు. చివరి వరసలో కంజీర మోత చెవిలో ఇంకా కాస్త గుచ్చుతోంది. నిలబడ్డవాళ్లను తప్పించుకుంటూ అటు నడిచాడు.