నర్సవ్వ ఎవరెవరిని ఎత్తుకుంది?

పాప తలకు ఆముదం రాసి పడుకోబెట్టాను. ఆ వాసన చేతులకు ఉన్నంతసేపూ బాలమణి టీచరమ్మ ఈ గదిలోనే ఉన్నట్టుంటుంది. కొల్లాపూర్‌లో మేము కిరాయికున్న ఇల్లు ఆమెది. రిటైరై ఏళ్లు గడిచినా ఊరంతా ఆమెను టీచరమ్మ అనే పిలిచేది. జుట్టుకు ఆముదం తప్ప మరొకటి ఎరగని మనిషి. పోయిన ఎండాకాలం కన్నుమూసింది.

నాకు ఊహ తెలియకముందే మా అమ్మ పోయింది. అమ్మమ్మ కూడా చిన్న వయసులోనే పోయిందట. వాళ్ల ఊరు డ్యాం కట్టినప్పుడు కృష్ణ నీళ్లలో మునిగి, జనం తలో దిక్కు అయ్యారు. నాన్న నల్లగొండలో మళ్లీ పెళ్లి చేసుకున్నాక ఆ వైపు రాకపోకలు తెగిపోయాయి. నాకు మిగిలింది అమ్మమ్మ తల్లి పేరొక్కటే, నర్సవ్వ. పాప పుట్టిన కొత్తలో మా మేనత్త అనేసింది: "మీ అమ్మ దిక్కు ఆడోళ్లకు ఆయుష్షు లేదు. జర పైలం." అప్పటినుంచి నాకు నిద్ర లేదు. నేను పోతే పాప ఎవరిని అమ్మా అని పిలుస్తుంది?

టీచరమ్మకు చెప్పుకుని ఏడిస్తే ఆమె ఓదార్చలేదు. "నిజమో అబద్దమో తెలుసుకుందాం పా. మాది గూడ మునిగిన ఊరే," అంది.

అమ్మమ్మ ఊరివాళ్లతో సహా ముంపు ఊళ్లవాళ్లు ఇళ్లు కట్టుకున్న కాలనీకి పాపను ఎత్తుకుని వెళ్లాం. అరుగు మీద నలుగురు ముసలివాళ్లున్నారు. నర్సవ్వ ఎప్పుడు చనిపోయిందని అడిగాను. "సచ్చినోళ్ల లెక్క మీకెందుకు? సర్కారోళ్లా?" అన్నాడు ఒక పెద్దాయన.

టీచరమ్మ నన్ను మోచేత్తో పొడిచింది. "సావు గురించి అడిగితే ఎవలు చెప్తరు బిడ్డా?" అని, వాళ్ల వైపు తిరిగింది. "నర్సవ్వ ఎవలెవల్ని ఎత్తుకున్నది?"

"నన్నెత్తుకున్నది," అన్నాడు ఆ పెద్దాయనే. "ఆమె చీర మీద ఉచ్చ గూడ పోసిన్నంట!" అందరూ నవ్వారు. ఒకరు తన పెద్దకొడుకు పేరు చెప్పారు, మరొకరు మునిగిన ఊరు విడిచిన ఏడు పుట్టిన కూతురి పేరు. తేదీలు ఎవరికీ తెలియవు. కానీ ఆమె ఎత్తుకున్న పిల్లవాడు పళ్లూడిన నోటితో నా ఎదుటే నవ్వుతున్నాడు. అతన్నీ, ఊరు విడిచిన ఏడు పుట్టిన పిల్లనూ ఎత్తుకుందంటే నర్సవ్వ ఎన్నేళ్లు బతికినట్టు!

ఈదమ్మ అనే ముసలామె నన్నే చూస్తోంది. "నువ్వు లచ్చిమి బిడ్డవు గాదే?"

లక్ష్మి మా అమ్మ పేరు. తలూపాను.

"మీ అమ్మ పోయినంక నర్సవ్వ బస్సెక్కి నల్లగొండకొచ్చింది. నేను గూడ ఎంట వచ్చిన. అప్పటికే గామె తల ముగ్గుబుట్ట. నిన్నెత్తుకొని, మీ బాపు గుంజుకునేదాంక కిందికి దించలే."

నోరు మూయడం తెలియని టీచరమ్మ కొంగు కళ్లకు అద్దుకుని కూర్చుంది. ఈదమ్మ చేతులు చాచింది. "ఇటియ్యి. గీ పిల్లను నేనెత్తుకోవద్దా?" పాపను కొత్తవాళ్లకు ఎన్నడూ ఇవ్వని నేను, ఇచ్చాను. పాప ఏడవలేదు. ఆమె ముక్కుపుల్ల పట్టి గుంజింది.

భయం పూర్తిగా పోలేదు. పాప ఒళ్లు కాలితే ఇప్పటికీ రాత్రంతా నుదురు తాకి చూస్తూ కూర్చుంటాను. కానీ మా అమ్మ వైపు ఆడవాళ్లు అంటే ఇప్పుడు నాకు, మనవరాలి బిడ్డ కోసం అంత దూరం బస్సులో వచ్చిన తెల్లజుట్టు మనిషి గుర్తుకొస్తుంది. పాప మనవరాలిని నేనూ ఎత్తుకోవాలని ఈమధ్య ధైర్యంగా ఆశపడుతున్నాను.