మెట్ల కింద ఎర్తు గుంట

2022 వేసవి. నరసరావుపేటలో ఆరు వాటాల మేడ. కట్టినప్పుడు దానికి వైరింగ్ చేసింది నేనే. కింది వాటాలో మస్తాన్‌బీ అద్దెకుంటూ స్కూలు యూనిఫాంలు కుట్టించేది. మోటారు మిషన్లు, ఇస్త్రీ పెట్టె, నలుగురు ఆడవాళ్లకు పని. బడులు తెరిచేలోగా బట్టలు అందకపోతే వచ్చే ఏడు ఆర్డరు ఇంకొకరి పాలవుతుంది. సరిగ్గా అప్పుడే ఫ్యూజు పదేపదే కొట్టేయడం మొదలైంది.

"లోడు పెంచాల అన్నా," అని నన్ను పిలిపించింది. ఒక మీటరు మీద ఎంత కరెంటు వాడుకోవచ్చో కరెంటు ఆఫీసు ఇచ్చే అనుమతే సాంక్షన్డ్ లోడ్. ఆమెకున్నది చిన్న కాపురానికి సరిపోయేంతే. పెంచాలంటే మీటరు ఎవరి పేరున ఉందో వాళ్లు సంతకం చేయాలి. అది పై అంతస్తులో ఉండే ఇంటావిడ కోటేశ్వరమ్మ గారి పేరున ఉంది. చిక్కంతా అక్కడే వచ్చింది.

"ఇప్పటికే ఫ్యూజులు ఎగిరిపోతన్నయ్యి. ఇంకా పెంచితే ఇల్లు తగలబడదా నాయనా? నే చెయ్యను సంతకం," అందావిడ మెట్ల మీద నుంచే.

మస్తాన్‌బీకి ఒళ్లు మండింది. "చూశావా అన్నా! సంతకానికి చెయ్యి రాదు గానీ, రోజూ పొద్దున్నే బిందెడు నీళ్లు మెట్ల కింద కుమ్మరిస్తది. నా గుమ్మం ముందంతా బురద. తెల్లచొక్కాలు కుట్టేదాన్ని, ఏమైపోవాల?"

ఇద్దరి మధ్య నలిగే ఓపిక నాకు లేదు. ఉన్న వైరింగు ఒకసారి చూసి పోదామనుకున్నాను. ముందు ఎర్తింగ్ చూశాను. ఇనుప భాగాల్లోకి కరెంటు వస్తే దాన్ని నేలలోకి లాగేసే దారి అది. ఈ ఇంట్లో ఆ తీగను మెట్ల కింద గుంటలో పాతాను. మా పల్నాడు ఎండలకు మే నెలలో గుంటలు ఎండి ఆ దారి మూసుకుపోతుంది, టెస్టు లాంపు పెడితే బల్బు మినుకుమినుకుమంటుంది. ఇక్కడ మాత్రం నిండుగా వెలిగింది. నమ్మకం కుదరక మళ్లీ పెట్టి చూశాను.

తర్వాత ఇస్త్రీ పెట్టె విప్పాను. లోపల వైరు తొడుగు కాలిపోయి, పెట్టెను లాగినప్పుడల్లా తీగ రేకుకు తగులుతోంది. లోడు చాలకపోవడం నిజమే. కానీ తీగ తగిలిన ప్రతిసారీ కరెంటు నేలలోకి పోయి, ఫ్యూజు ఎగిరి, ఇస్త్రీ చేసే మనిషి బతుకుతోంది. గుంట ఎండి ఉంటే ఫ్యూజు ఎగిరేది కాదు.

"పెద్దమ్మా, ఆ గుంటలో నీళ్లు ఎందుకు పోస్తన్నారు?" అని కోటేశ్వరమ్మ గారిని అడిగాను.

"ఏంది, మర్చిపోయావా? ఎండాకాలం దాన్ని ఎండనియ్యొద్దని ఇల్లు కట్టేటప్పుడు నువ్వేగా చెప్పింది!"

ఆ మాట ప్రతి ఇంట్లోనూ చెప్తాను. చెవిన పెట్టింది ఆవిడొక్కతే. మోకాళ్ల నొప్పులతో బిందె మోసుకుని దిగి వచ్చేది.

ఇద్దరికీ సంగతి విడమరిచి చెప్పాను. మస్తాన్‌బీ వెళ్లి కోటేశ్వరమ్మ గారి చేతులు పట్టుకుని ఏడ్చేసింది.

"ఊరుకోవే పిచ్చిదానా," అని ఆవిడ నా వైపు తిరిగింది. "అయితే లోడు పెంచినా భయం లేదంటావా?"

"లావు వైరు వేసి పెంచితే భయం లేదు పెద్దమ్మా. సన్న వైరు మీద ఇట్టా లాగితేనే భయం."

"ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా! ఏడ పెట్టాల సంతకం?"

ఇస్త్రీ పెట్టె మార్పించాను. లావు వైరు వేశాను. లోడు పెరిగి, ఎక్కువ కరెంటు వాడేవాళ్లకిచ్చే త్రీఫేజ్ కనెక్షన్ వచ్చింది, యూనిఫాంలు వేళకు అందాయి. పనిచేసి మనం వచ్చేస్తాం, దాన్ని కాపాడేది ఆ ఇంట్లో ఉండే మనిషేనని అప్పుడు తెలిసింది. నా మాటను అన్నేళ్లు నిలబెట్టిన ఆవిడను తలచుకుంటే ఇప్పటికీ చేతులు జోడించాలనిపిస్తుంది.

మరుసటి వేసవిలో అటు వెళ్తే, మెట్ల కింద బిందె వంచుతున్నది మస్తాన్‌బీ. పైనుంచి కోటేశ్వరమ్మ గారు కేకేస్తున్నారు: "గట్టు మీద కాదే, గుంటలో పొయ్యి! నీ గుమ్మం ముందు బురదవుద్ది!"