బోర్లించిన కంచం

ఆయన నిలకడగా కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. అమెరికా రైతు, అల్ ఐన్ ఎడారి ఇసుకలో గోధుమ పండించడానికొచ్చిన మా ముదీర్, అంటే మేనేజరు. నేను అక్కడ వంటవాణ్ని. బల్ల మీద కంచం బోర్లించుకుని, మోకాలు ఊపుతూ కిటికీలోంచి చేను వైపు చూసేవాడు. అన్నం తెచ్చాకే కంచం తిప్పేవాడు. వాళ్ల ఆచారమేమో అనుకున్నాను.

కోతయ్యాక ఆయన పని మీద దుబాయ్ వెళ్లాడు.

"కొయ్యకాళ్లు గిట్లనే ఇడిసిపెడితే గిది ఎవుసమా? ముదీర్ అచ్చేటాల్లకు సాఫ్ చేద్దాం, యల్లా!" అన్నాడు మా జగిత్యాల మేస్త్రీ. కోసిన గోధుమ మొదళ్లన్నీ అందరం కలిసి పీకేశాం. నేనూ ఓ చెయ్యేశాను. చేను కల్లంలా నున్నగా తేలింది.

తిరిగొచ్చిన ఆయన తిట్టలేదు. మోకాళ్ల మీద కూలబడి మట్టిని రెండు చేతులతో అదిమిపట్టాడు.

"మట్టిని పట్టి ఉంచేవి ఆ మొదళ్లే. మా తాత కూడా ఇంతే శుభ్రంగా దున్నాడు. గాలి పొలమంతా ఎత్తుకుపోయింది. తిండిలో దుమ్ము పడకుండా మా అమ్మ కంచాలు బోర్లించి ఉంచేది" అన్నాడు, నాకర్థమయ్యే చిన్న చిన్న ఇంగ్లిష్ మాటల్లో.

మధ్యాహ్నం గాలి లేచింది. కిటికీ అవతల చేను పొగలా కదిలిపోతోంది.

"ఖానా, సాబ్" అంటూ అన్నం గిన్నెతో నిలబడ్డాను.

ఆ పూట ఆయన కంచం తిప్పలేదు.