నీలవేణి ఎత్తితే కట్టయ్యే ఫోను

జగన్నాధం బొటనవేలి గోరు ఫోను వెనక మూత అంచులోకి దూరింది. మిగతా గోళ్ళన్నీ కత్తిరిస్తాడు గాని, ఆ ఒక్కటీ పని కోసం ఉంచుకుంటాడు. నాలుగు వేపులా తిప్పి మూత లేపాడు. బ్యాటరీ తీసి పక్కన పెట్టాడు. చిన్న స్క్రూలు తీసి, ఏ మూలది ఆ మూలకే తిరిగి వెళ్ళేలా అయస్కాంతం ముక్క మీద వరసగా అంటించాడు. ఈ ఫోను విప్పడం ఇది మూడోసారి.

విప్పిన ప్రతిసారీ లోపల అంతా బాగానే ఉంది. అదే అతని బాధ. కాలిన వాసన వస్తే ఏదో ఒకటి పట్టుకోవచ్చు. ఆకుపచ్చగా చిలుం పడితే బ్రష్షుతో రుద్దొచ్చు. ఏ తప్పూ కనబడని చోట మనిషి దేన్ని బాగు చేస్తాడు?

"ఏటన్నియ్యా, కనబడిందా?" అంది ఎదురుగా నిలబడ్డ నీలవేణి.

"కనబడితే సెప్పనేటమ్మా."

ఆమెది సముద్రం పక్క ఊరు. తెల్లారే ఆటోలో చేపల బుట్ట తెచ్చి కోటబొమ్మాళిలో అమ్ముకొని వెళ్తుంది. బుట్టను అరుగు మీద దింపింది గాని కూర్చోలేదు. బుట్ట అడుగు నుంచి ఐసు నీళ్ళు కారి, ఆమె చెప్పుల్లేని కాళ్ళ కింద సిమెంటు నేలంతా పాకుతున్నాయి.

"ఒలే, నా గుడ్డల మీదకి రానీకు," అన్నాడు దర్జీ కూర్మయ్య. ఆ అరుగుకి ఒక చివర అతని కుట్టు మిషను, రెండో చివర జగన్నాధం బల్ల. ఇరవై ఏళ్ళుగా ఇద్దరూ ఒకే కప్పు కింద పని చేస్తూ, ఒకరి పనికి ఒకరు వంకలు పెడుతూ ఉన్నారు.

జగన్నాధానికి ఈ పని ఎవరూ నేర్పలేదు. పదహారో ఏట ఇంట్లో రేడియో విప్పాడు. మళ్ళీ బిగించేసరికి రెండు స్క్రూలు మిగిలినా, రేడియో పలికింది. తరవాత టేపు రికార్డర్లు వచ్చాయి, టీవీలు వచ్చాయి. ఒకసారి టీవీ వెనకాల చెయ్యి పెట్టి గోడ దాకా ఎగిరి పడ్డాడు. కుడి చెయ్యి రెండు రోజులు అతని మాట వినలేదు. అప్పట్నుంచి కర్ర స్టూలు మీద తప్ప కూర్చోడు. కాళ్ళ కింద లారీ ట్యూబు కోసి పరచిన రబ్బరు ముక్క ఉండాల్సిందే. టీవీలు పోయి బటన్ ఫోన్లు వచ్చాయి, వాటి వెంటే ఈ అద్దం ఫోన్లు వచ్చాయి. రబ్బరు ముక్క మాత్రం మారలేదు. రెండు జీబీ ఫోను కొనాలా, మూడు జీబీది కొనాలా అని కుర్రాళ్ళు అడిగితే, "ముందు మీ ఊళ్ళో సిగ్నలు ఉన్నాదో నేదో సెప్పండ్రా" అంటాడు. అతని దగ్గర అంతకన్నా పెద్ద ఉపన్యాసం దొరకదు.

నీలవేణి కష్టం వినడానికి చిన్నది. ఫోను మోగుతుంది. పచ్చ గుర్తు మీద వేలు పెట్టి జరుపుతుంది. తెర పిచ్చిగా గెంతుతుంది, కాల్ కట్టవుతుంది. ఎప్పుడైనా ఎత్తగలిగినా, చెంపకి ఆనించగానే తెగిపోతుంది.

ఆమె మగడు లక్ష్ముడు గుజరాత్ వెళ్ళి బోట్ల మీద పని చేస్తున్నాడు. బోటు ఇరవై రోజులు నీళ్ళలోనే ఉంటుంది, రేవుకి వచ్చిన రెండు రోజులు మాత్రమే మనిషి అందుతాడు. అతనికి సొంత ఫోను లేదు. ఎవరి ఫోను దొరికితే దాన్నుంచి చేస్తాడు. కాబట్టి ఆమె ఎదురు కాల్ చెయ్యడానికి నంబరంటూ లేదు; వచ్చిన నంబరుకే తిరిగి చేసినా, ఆ ఫోను మనిషి అప్పటికే వెళ్ళిపోయి ఉంటాడు. అతనికి నోటికి వచ్చిన నంబరు ఈమెది ఒక్కటే. గత రెండుసార్లూ చేశాడు. రెండుసార్లూ ఆమె వేలి కిందే కాల్ తెగిపోయింది.

"ఎత్తి మరీ కోసేస్తన్నాదిరా మీయక్క అన్నాడంట, మా తమ్ముడికి కబురు పెట్టి," అంది నీలవేణి. "నాను కోసేస్తానేటి? రేపు ఆళ్ళ బోటు రేవుకొస్తాది. వొచ్చే ఏడు పనికి ఎవులొస్తారో ఆ రోజే మాట తీసీసుకుంటారు. ఒప్పుకున్నాడంటే మళ్ళీ తొమ్మిది నెలలు. ఇక్కడ మా తమ్ముడు బోటు కడతన్నాడు, ఈయన కోసం ఒక మనిషి సోటు ఉంచీసినాడు. ఆ ఒక్క మాట సెప్పాల నాను."

"ఆ తమ్ముడికి కబురొచ్చిన దారినే తిరిగి కబురు పెట్టలేకపోయావా?" అన్నాడు కూర్మయ్య.

"ఆ కబురు తెచ్చినోడు పండక్కొచ్చి మళ్ళీ ఎల్లిపోనాడు మావా. ఇప్పుడాడు వేరే బోటులో ఉన్నాడు."

మొదటిసారి వచ్చినప్పుడు జగన్నాధం సిమ్ము తీసి బటన్ ఫోన్లో వేసి చూశాడు. అది కొత్త రకం సిమ్ము, పాత ఫోన్లో పలకలేదు. డిస్ప్లే పోయిందనుకొని కొత్తది వేశాడు. రెండోసారి వచ్చినప్పుడు బ్యాటరీ ఉబ్బిందేమోనని దాన్నీ మార్చాడు. చేపల తడి అయి ఉంటుందనుకొని, చేతులు సబ్బుతో కడుక్కొని తుడుచుకున్నాకే ఎత్తమన్నాడు. ఆమె అలాగే చేసింది. పక్కింటి ఆడవాళ్ళ చేత కూడా ఎత్తించింది. వాళ్ళకీ కట్టయింది.

ఇప్పుడు బిగించి, తన ఫోను నుంచి కాల్ చేసి తనే ఎత్తాడు. బుద్ధిగా పలికింది. పదిసార్లు చేస్తే పదిసార్లూ పలికింది.

"నీకాడ ఎంత నెమ్మదో సూడు," అంది నీలవేణి. "మా ఇంటికెళ్తే ఎర్రిదైపోతాది."

"అత్తోరింటికెళ్ళిన కోడలు లాగన్నమాట," అన్నాడు కూర్మయ్య దారం కొరుకుతూ.

"నువ్వు ఊరుకో బావా," అని జగన్నాధం ఆమె వైపు తిరిగాడు. "అమ్మా, వేలు ఇలా పెట్టి, ఇలా జరపాల. మధ్యలో తియ్యకూడదు."

నీలవేణి ముఖం ఎర్రబడింది. "పట్టడం రాదనుకున్నావేటి నాకు? ఈ సేత్తోటి సొర సేపని కోస్తాను. ఈ అద్దాన్ని జరపలేనేటి?"

జగన్నాధం నాలిక కరుచుకున్నాడు. నిజమే, ఆమె చెయ్యి చూస్తేనే తెలుస్తుంది, పని వచ్చిన చెయ్యి అది. తనకి అర్థం కానిదాన్ని ఎదుటి మనిషి చేతకానితనం కింద రాసెయ్యడం ఇదే మొదటిసారి కాదని కూడా తోచి, సిగ్గేసింది.

"సరేనమ్మా. ఇంటికాడ ఎలా ఎత్తుతావో అచ్చం అలాగే సూపించు."

"ఇంటికాడ సార్జింగులో ఉంటాది కదా."

"ఎప్పుడూనా?"

"మరేటి? సిగ్నలొచ్చీది ఆ కిటికీ కాడే. స్విచ్చు బోర్డూ అక్కడే. ఆయన కాలొచ్చే ఏళకి చచ్చిపోతాదేమోనని తగిలించే ఉంచుతాను."

ఇది కొత్త మాట. జగన్నాధం తన బల్ల మీది చార్జరు తగిలించి ఆమె చేతికిచ్చాడు. ఆమె ఎత్తింది. పలికింది. అతనికి ఉన్న కొంచెం ఆశా పోయింది.

"నీ సార్జరేదీ?"

నిన్న ఫోనుకి సంబంధించినవన్నీ తెమ్మని అతనే చెప్పాడు. ఆమె సంచిలోంచి పెట్టె, బిల్లు, ఒక తెల్ల చార్జరు తీసింది. ఇన్నాళ్ళూ ఫోను ఒక్కటే అతని బల్ల మీదకి వచ్చింది. అందరూ అంతే, చార్జరు గోడకే ఉంచి ఫోను పట్టుకొస్తారు. నిన్నటిదాకా తనూ ఎవర్నీ అడగలేదు.

ఆ చార్జరు పెట్టి, కాల్ చేసి, తనే ఎత్తాడు.

పలికింది.

జగన్నాధం తల పట్టుకున్నాడు. "ఇదీ కాదేటి?"

"ఇలా తే," అని నీలవేణి ఫోను లాక్కుంది. అతను మళ్ళీ కాల్ చేశాడు. ఆమె వేలు పెట్టగానే తెర కుదుపులు మొదలెట్టింది. పచ్చ గుర్తు అటూ ఇటూ గెంతింది, ఎవరూ ముట్టుకోని చోట ఏదేదో తెరుచుకుంది, కాల్ తెగిపోయింది.



జగన్నాధం ఫోను తన చేతిలోకి తీసుకున్నాడు. నెమ్మదిగా ఉంది. ఆమెకిచ్చాడు, పిచ్చెక్కింది. కూర్మయ్యని పిలిచి ఇచ్చాడు. అతను చెప్పులు టపటపలాడించుకుంటూ వచ్చి ఎత్తితే ఏ గొడవా లేకుండా పలికింది.

"మగోళ్ళకే పలుకుతాదంట," అన్నాడు కూర్మయ్య.

నీలవేణి ఫోను బల్ల మీద పెట్టేసింది. గొంతు తగ్గింది. "అయితే తప్పు నాలోనే ఉన్నాదన్నమాట. నా ఒంట్లోనే ఏటో ఉన్నాది. మా ఆడోళ్ళందరిలోనూ ఉన్నాది. ఇంకెందుకన్నియ్యా, ఒగ్గీ. ఆయన ఒప్పీసుకుంటాడు." అంటూ బుట్ట కోసం వంగింది.

ఆమె వంగినప్పుడు జగన్నాధం కళ్ళు ఆమె కాళ్ళ మీద పడ్డాయి. తడి నేల. వేళ్ళ సందుల్లో ఐసు నీళ్ళు. అక్కణ్ణుంచి కూర్మయ్య రబ్బరు చెప్పుల మీదకి చూశాడు. ఆ తరవాత, ఎన్నో ఏళ్ళకి మొదటిసారిగా, తన కాళ్ళ కింద ఉన్న ట్యూబు ముక్క వైపు చూశాడు.

"ఆగమ్మా. మీ ఇంట్లో ఆ కిటికీ కింద ఏటున్నాది?"

"నీళ్ళ బిందెలు. సేపలు కడిగీదీ అక్కడే."

జగన్నాధం చెప్పులు విడిచాడు. స్టూలు దిగి, రబ్బరు దాటి, ఆమె నిలబడ్డ తడిలోకి వచ్చి నిలబడ్డాడు. ఒట్టి పాదాలకి చల్లగా తగిలింది. ఫోను పట్టుకొని తెర మీద వేలు పెట్టాడు. తెర కుదుపులు మొదలెట్టింది.

"ఓర్నాయినో," అన్నాడు కూర్మయ్య.

"సూసినావా నీలమ్మా? నాకూ ఎర్రెక్కింది. నీ ఒంట్లో ఏటీ నేదు. ఈ సార్జరులో ఉన్నాది. అందులోంచి కరెంటు పిసరంత ఫోన్లోకి కారతన్నాది. అది మనిషిలోంచి నేలలోకి పోదామని సూస్తాది. నీ కాళ్ళు తడినేల మీదున్నాయి, దారి దొరికింది. నాకు రబ్బరుంది, కూర్మయ్య మావకి సెప్పులున్నాయి, దారి నేదు. వేలు ఎక్కడుందో ఈ తెర కరెంటుతోనే పసిగడతాది. ఒక్క వేలు పెడితే దానికి పది వేళ్ళు కనబడతన్నాయి."

అంతవరకే అతనికి తెలుసు. అంత కన్నా లోతుగా అడిగితే చెప్పలేడు.

"ఎక్కడ కొన్నావిది?"

"బస్టాండు కాడ దుప్పటి మీదేసి అమ్ముతాడు. పాతదాని వైరు ఎలకలు కొరికీసినాయి. సేపల సేతుల్తో పట్టుకుంటాం కదా, ఆ వాసనకి."

జగన్నాధం ఫోను పెట్టె తెరిచాడు. అడుగున పాత చార్జరు ఉంది, వైరు దానికే అతికి ఉండే రకం. ఒక చేతిలో పాతదీ ఒక చేతిలో కొత్తదీ పెట్టుకొని తూచాడు. కొత్తది పల్లికాయ డొల్లలా తేలిపోయింది. దాన్ని పగలగొట్టి చూస్తే, లోపలి పలక మీద సామాన్లు ఉండాల్సిన చోట్లు సగం ఖాళీ.

"సూడమ్మా, రేపటికి పని జరగాలంటే వైరు పీకి ఎత్తినా సాలు. తీసీసి ఎత్తితే గొడవ నేదు."

"ఆయన కాలొస్తే నాకు ఒళ్ళు తెలుస్తాదేటి, వైరు పీకాలని గుర్తుండడానికి?"

అదీ నిజమే. జగన్నాధం స్టూలెక్కాడు.

ఎలక కొరికిన చోట వైర్లు మెలేసి టేపు చుట్టడం ఒక పద్ధతి. అది అతని కంటికి పనిగా ఆనదు. చార్జరు అతుకు మీద చిన్న సుత్తితో చుట్టూ నెమ్మదిగా తట్టాడు. పెంకు పగలకుండా రెండు ముక్కలుగా విడింది. పాత వైరు మొదలంటా తీసేశాడు. కొత్త వైరుని ముందుగా సన్నటి సెలైను గొట్టంలోంచి దూర్చాడు, మళ్ళీ ఎలకల పంటికి దొరక్కుండా. పెంకులోపల ఒక ముడి వేశాడు, రేపు ఎవరైనా గుంజినా ఆ బరువు టంకం మీద పడకుండా. ఎరుపు చోట ఎరుపు, నలుపు చోట నలుపు పెట్టి టంకం వేశాడు. చల్లారాక లాగి చూశాడు. పెంకు అతికించి, ఆరేదాకా దారంతో బిగించాడు. దారం కూర్మయ్యదే, అడక్కుండానే కత్తిరించి ఇచ్చాడు.

ఆరాక ప్లగ్గులో పెట్టి, వైరు కొసకి టెస్టరు ఆనించాడు. టెస్టరు సన్నగా వెలిగింది. జగన్నాధం నొసలు ముడిపడ్డాయి. ఇది మంచి చార్జరు కదా, ఇందులోనూ ఎందుకు వెలగాలి? మళ్ళీ ఆనించాడు, మళ్ళీ వెలిగింది. దీనికి జవాబు ఎప్పుడైనా దొరుకుతుందిలే అనుకొని, అర్థం కానిదాన్ని అర్థం కాకుండానే పక్కన పెట్టాడు. తేల్చాల్సింది టెస్టరు కాదు, ఆమె వేలు.

"ఆ నీళ్ళలోనే నిలబడు. సెప్పులెయ్యకు."

నీలవేణి నిలబడింది. ఐసు నీళ్ళు చాలవేమోనని బుట్టని ఇంకాస్త వంచింది.

"నా గుడ్డలు!" అన్నాడు కూర్మయ్య.

జగన్నాధం కాల్ చేశాడు. ఫోను మోగింది. ఆమె వేలు పెట్టి జరిపింది. తెర కదల్లేదు. కాల్ నిలబడింది. రెండు చేతుల దూరంలో నిలబడి ఇద్దరూ ఫోన్లు చెవులకి ఆనించుకున్నారు.

"అలో," అంది ఆమె.

"అలో. ఎవులు?"

నీలవేణి అతని వైపు చూడలేదు. వీధి వైపు తిరిగింది. గొంతు గట్టిగా చేసుకుంది, గుజరాత్ దాకా వినబడాలన్నట్టు.

"నాను కొయ్యనేదు. సార్జరు కోసీసింది. నువ్వక్కడ ఎవులికీ ఒప్పుకోకు. మా తమ్ముడి బోటులో నీకు సోటున్నాది. సామాను సద్దుకొని వొచ్చీ."

ఇవతల జగన్నాధం, "సరేనమ్మా," అన్నాడు.

తెర చెంపకి ఆనే ఉంది. కాల్ తెగలేదు. ఆమే కట్ చేసింది.

మార్చిన డిస్ప్లే, మార్చిన బ్యాటరీ అనవసరమని అతను ఒప్పుకున్నాడు. ఆ రెండు తప్పులూ తనవేననీ, వాటికి తీసుకున్న డబ్బు పని తేలేదాకా అని పక్కన పెట్టి ఉంచాననీ చెప్పి, మడిచిన నోట్లు ఆమె చేతిలో పెట్టాడు. ఆమె లెక్క చూడకుండా కొంగున ముడేసుకొని, బుట్టలోంచి రెండు వంజరాలు తీసి బల్ల మీద పెట్టబోయింది.

"బల్ల మీద ఒద్దు తల్లీ, స్క్రూలున్నాయి," అని అరిచాడు. కూర్మయ్య తన చేతులు చాపాడు.

జగన్నాధం తేలిక చార్జరు ముక్కలు చెత్త డబ్బాలో వేశాడు. పాత చార్జరు వైరుని మడత పడకుండా చుట్టగా చుట్టి, ఫోనుతో పాటు పెట్టెలో సర్ది, మూత వేసి, ఆమె చేతికిచ్చాడు.