అప్‌డేట్ అయిన నక్షత్రం

ఫోన్లు ఏ పని చేసినా ముందు మనల్ని అడిగే చేస్తాయని నమ్మిన రోజులవి. నారాయణఖేడ్ బస్టాండులో టచ్ ఫోన్ పట్టుకొని ఎవరైనా నిలబడితే పక్కవాళ్లు మొహం చూడకుండా చేతిని చూసేవాళ్లు. నెలకొక జీబీ డేటా వేయించుకొని, పెళ్లి బంతిలో నెయ్యి వడ్డించినట్టు చుక్క చుక్కగా వాడుకునేవాళ్లం. ఆ చుక్కలు కూడా మనకు తెలియకుండా ఎటో కారిపోయేవి. రాత్రి పడుకునేటప్పుడు ఉన్న డేటా తెల్లారేసరికి ఉండేది కాదు. ఊరంతా ఫోన్ కంపెనీవాళ్లను తిట్టుకుంటుంటే, దొంగ ఫోన్ లోపలే ఉందనీ, యాప్‌లు వాటంతటవే అప్‌డేట్ అయి డేటా మింగుతున్నాయనీ కనిపెట్టిన మొదటి మనిషిని నేనే అనుకునేదాన్ని. (మొదటి మనిషిని కాకపోవచ్చు. కానీ అంత గట్టిగా చెప్పిన మనిషిని మాత్రం నేనే.)

అప్పట్లో నేను ఊళ్లో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఎకనామిక్స్ చెప్పేదాన్ని. పిల్లలు నాకు పెట్టిన పేరు నాకు తెలుసు, ఇక్కడ రాయను. క్లాసులో మిగిలిన నోరంతా సాయంత్రం మా పెద్దమ్మ వాళ్ల పిండి గిర్నికి తెచ్చేదాన్ని. అమ్మ పోయాక నన్ను పెంచింది పెద్దమ్మే; ఉద్యోగం వచ్చాక కాలేజీ దగ్గర గది అద్దెకు తీసుకున్నాను. ఇంటి ముందర గదిలోనే గిర్ని, వెనక రెండు గదుల్లో కాపురం. అన్న, అంటే పెద్దమ్మ కొడుకు, పోయినప్పటి నుంచి గిర్ని నడిపింది వదిన. పెద్దమ్మ పని గిర్ని గడప పక్కన పీట మీద కూర్చొని వదినను తిట్టడం. జొన్నలు బరక పడ్డాయని ఒకసారి, మెత్తగా పడ్డాయని ఇంకోసారి, ఏ తప్పూ దొరక్కపోతే మోటారు చప్పుడు ఎక్కువైందని. వదిన కనుబొమ్మల దాకా పిండి పట్టి, పలక్కుండా ఒకరి తర్వాత ఒకరి జొన్నలు పోస్తూ ఉండేది. మా వాడకట్టులో ప్రతి ఇంటి రొట్టె ఆ గిర్నిలోంచి రావాల్సిందే కాబట్టి, ఆ తిట్లు కూడా అందరి ఇళ్లకూ పిండితో పాటే వెళ్లేవి.

ఒక సాయంత్రం మా పంతులు అక్కడికే వచ్చాడు, ఫోన్ పట్టుకొని. మా వాడకట్టులో పేరు పెట్టినా, పెళ్లి చేసినా, మనిషి పోయినా ఆయనే. కళ్లు సరిగా ఆనక అచ్చు పంచాంగం వదిలేసి, పెద్ద పెద్ద అక్షరాలతో కనబడే పంచాంగం యాప్ ఒకటి పెట్టించుకున్నాడు.

"మేడం, పైసలేసిన మూడు దినాలకే నెట్టు బందవుతుంది. పరేషాన్ చేస్తుంది గీ ఫోన్," అన్నాడు.

నేను ఫోన్ లాక్కున్నంత పని చేసి, సెట్టింగుల్లోకి వెళ్లి, అన్ని యాప్‌లకూ ఆటోమేటిక్ అప్‌డేట్లు ఆపేశాను. అంతటితో ఊరుకుంటే నేను నేనెందుకవుతాను? ఆయన వృత్తికి కావలసింది కదా అని ఒక్క పంచాంగం యాప్‌కు మాత్రం దానంతటదే అప్‌డేట్ అయ్యేలా వదిలాను. పైగా ఒక ఉపన్యాసం. మోటారు చప్పుడులో వినబడదని అరిచి మరీ చెప్పాను: "పంతులూ, గోడ క్యాలెండర్ ఏడాదికొక్కసారి అచ్చయితది. ఇది ఎప్పటికప్పుడు అప్‌డేట్ అయితది. ఇగ దీన్ని మించింది లేదు!" జొన్నలు పట్టించుకోవడానికి వచ్చిన ఆడవాళ్లంతా తలలూపారు. పెద్దమ్మ ఒక్కతే, "అరువకే, గిర్ని చప్పుడు చాలదా," అంది.

ఆ చలికాలమే పెద్దమ్మ పోయింది. ముందు వారమంతా జ్వరం, దవాఖానకు తీసుకెళ్లి తెచ్చాం. కోడి కూసే వేళకు వదినను మంచినీళ్లడిగి, రెండు గుక్కలు తాగి, చెంబు సరిగా తోమలేదని అని, అటు తిరిగి పడుకుందట. మళ్లీ తిరగలేదు. నాకు ఫోన్ వస్తే పరుగెత్తాను. అప్పటికే వాకిట్లో పడుకోబెట్టారు. వదిన తల దగ్గర కూర్చొని ఉంది. మా కాక, అంటే పెద్దమ్మ మరిది, కర్మ చేయాల్సినవాడు, తలకు రుమాలు చుట్టుకొని గోడకానుకొని ఉన్నాడు. వాడకట్టు ఆడవాళ్లు చుట్టూ చేరి ఏడుస్తున్నారు. నేను కూడా ఏడవడానికే కూర్చున్నాను. సరిగ్గా అప్పుడే పంతులు వచ్చి, పోయిన వేళ అడిగి, ఫోన్ తీసి చూసి, తల పంకించాడు.

"ధనిష్ఠ," అన్నాడు.

ఏడుపులు ఆగిపోయాయి. మా వైపు ఆ నక్షత్రంలో మనిషి పోతే ఆ ఇంట్లో ఆర్నెల్లు దీపం పెట్టరు. తాళం వేసి అందరూ వెళ్లిపోవాలి. లేకపోతే వెనకే ఇంకొకరికి ఆపద అంటారు. ఉంటున్నది వదిన ఒక్కతే. తాళం పడేది ఆమె కాపురానికే కాదు, గిర్నికి కూడా. నేలలో బోల్టులు దిగేసిన మోటారును నెత్తిన పెట్టుకొని ఎక్కడికి పోతుంది? ఆర్నెల్లు వాడకట్టు జొన్నలు ఇంకో గిర్నికి అలవాటు పడితే మళ్లీ తిరిగి రావు.

"నువ్వు కంగ్టి పో బిడ్డా, తల్లిగారింటికి," అన్నాడు కాక వదినతో. "జల్దీ పోయేటట్టు చూసుకో. నాకసలే బీపీ. నాకేమన్న అయితే ఎవరు జూస్తరు?"

వదిన తలెత్తలేదు. నాలో ఏడుపు ఎక్కడికి పోయిందో తెలియదు. లేచి నిలబడి, పెద్దమ్మ కాళ్ల దగ్గర నుంచి తల దగ్గరికీ, తల దగ్గర నుంచి కాళ్ల దగ్గరికీ తిరుగుతూ వాదన మొదలుపెట్టాను. నక్షత్రానికీ తాళంచెవికీ ఏమిటి సంబంధమన్నాను. చదువుకున్నవాళ్లు కూడా ఇలా నమ్మితే ఎలాగన్నాను. (అక్కడ చదువుకున్నదాన్ని నేనొక్కదాన్నే.) నేను ఒక్కో మాట అంటుంటే కాక మొహం ఒక్కో మెట్టు బిగుసుకుంది. "సదువుకున్నోళ్ల తోని గింతే," అని ఎవరో ముక్కు చీదారు. పదో వాక్యానికి, అంతకుముందు కొంచెం మెత్తబడేలా కనబడినవాళ్లు కూడా ఇంటికి తాళం వేయాల్సిందేనన్న వైపుకు వచ్చేశారు. వాదించి జనాన్ని అవతలి పక్షానికి తోలడంలో నాకున్న నేర్పు అప్పటికి నాకు తెలియదు.

చివరికి పంతులు చేతిలోంచి ఫోన్ తీసుకున్నాను. చూస్తే యాప్ మొహమే మారిపోయి ఉంది. ఆకుపచ్చగా ఉండేది కాషాయం రంగైంది. రాత్రికి రాత్రి అప్‌డేట్ అయింది, నేను వదిలిపెట్టిన ఆ ఒక్క సందులోంచి. పైన సూర్యోదయం వేళ చూశాను. ఎదురుగా గోడ మీద ఎండ చూశాను.

"పంతులూ, నీ ఫోన్ల సూర్యుడు ఇంక పొడువలే. మరి నీ నెత్తి మీద పడుతున్నదేంది?"

ఆయన తలమీద చెయ్యి పెట్టి చూసుకున్నాడు, వేడి ఉందో లేదో అన్నట్టు. నేను మూల మూలలా వెతికి, చిన్న అక్షరాల్లో ఊరి పేరు పట్టుకున్నాను. అంతకుముందు హైదరాబాద్ అని ఉన్న చోట, కొత్త అప్‌డేట్ దానిష్టం వచ్చిన ఊరు పెట్టుకుంది.

"లండన్!" అని అరిచాను. "మా పెద్దమ్మ జహీరాబాద్ దాటి పోలేదు. లండన్ నక్షత్రం ఎట్ల పడుతది ఆమెకు? ఆడ పొద్దు మనకన్న ఆలస్యంగ పొడుస్తది, అప్పటికి ధనిష్ఠ వచ్చుంటది. మన లెక్కల దాని ముందటి శ్రవణమే ఉండాలె!"

ఊరు మార్చడానికి జాబితాలో నారాయణఖేడ్ కోసం వెతికాను. మా ఊరు అందులో ఉంటుందనుకోవడం నా అమాయకత్వం. దగ్గరగా ఉన్నది బీదర్. అది నొక్కాను. శ్రవణం వచ్చింది. "బీదర్ ఏంది, మనం కర్ణాటకోళ్లమా?" అన్నాడు కాక. హైదరాబాద్ నొక్కాను. మళ్లీ శ్రవణమే. గెలిచాననుకొని ఫోన్ ఆయన మొహం ముందు పెట్టాను.

కాక ఫోన్ చూడలేదు, నా వేలు చూశాడు. "ఇందాక ధనిష్ఠ ఉండె. నీ ఏలు తాకంగనే శ్రవణమాయె. ఇంకోపారి ఒత్తి రోహిణి చేస్తవా?"

ఎవరో గిర్ని గోడ మీదున్న ఎరువుల దుకాణం క్యాలెండర్ పీకి తెచ్చారు. దాంట్లోనూ శ్రవణమే ఉంది. నేను ఊపిరి పీల్చుకునేలోపే పంతులు దాన్ని పక్కన పెట్టేశాడు. "క్యాలెండర్ ఏడాదికొక్కసారి అచ్చయితది. ఇది ఎప్పటికప్పుడు అప్‌డేట్ అయితది. మేడమే చెప్పింది గదా," అన్నాడు. వెక్కిరింపు కాదు, నిజంగా నమ్మి అన్నాడు. చుట్టూ ఆడవాళ్లంతా తలలూపారు. అవును, మేడమే చెప్పింది. దీన్ని మించింది లేదని అరిచి చెప్పినదాన్ని, ఇప్పుడు దీన్ని నమ్మొద్దని ఏ మొహంతో అరవను?

అంతలో వెనక నుంచి ఒక ముసలామె, కొంగు కింద ఏదో దాచుకుంటూ, "మరి ఆర్నెల్లు పిండి ఎట్ల?" అంది. కొంగు కింద జొన్నల గిన్నె. పాపం, పొద్దున్నే పట్టించుకోవడానికి బయలుదేరి, దారిలో సంగతి విని, గిన్నె ఇంట్లో పెట్టి రావడానికి మనసొప్పక అలాగే వచ్చి ఏడ్చింది. ఒకరిద్దరు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు, అది ఏడుపో నవ్వో నేను చెప్పలేను.

అప్పుడు వదిన తలెత్తింది. ఆమె గొంతు ఆ ఇంట్లో అంత స్పష్టంగా వినడం మాకు అలవాటు లేదు.

"నేను కంగ్టి పోను. మా అన్నోళ్లు చెరుకు కొట్టనీకి వలస పోయిన్రు, ఆ ఇంటికి తాళమే ఉన్నది. తాళమున్న ఇంటికి పోనీకి ఈ ఇంటికి తాళమెయ్యాల్నా? ధనిష్ఠనో శ్రవణమో నాకు తెల్వది. మంచిది గాదంటే గాకపాయె. బతికున్నప్పుడు ఇన్నేండ్లు ఆమె తోని ఒక్క ఇంట్ల ఏగిన. పోయినంక ఆర్నెల్లు ఏగలేనా? వస్తే రానియ్యిండ్రి. నీళ్లిస్త. రొట్టె వెడ్త. చెంబు మంచిగ తోమలే అంటది, అననియ్యి."

ఆ మాట అంటూనే వదిన పెద్దమ్మ నుదుటి మీద వెంట్రుకలు సర్ది, మళ్లీ తల దించుకుంది.

పంతులు నా చేతిలోంచి ఫోన్ తీసుకొని, చూడకుండానే జేబులో వేసుకున్నాడు. కళ్లకు చెయ్యి అడ్డం పెట్టి, గోడ మీదికి పాకిన ఎండను కాసేపు చూశాడు. "సూర్యుడు పొడిచిండు గదా," అన్నాడు కాకతో, తనకు తాను చెప్పుకున్నట్టు. "శ్రవణమే. తాళం అక్కరలే. ఇగ కానియ్యిండ్రి, యాళ్ల అయితుంది." కాక వదిన వైపు చూసి, తలకున్న రుమాలు సర్దుకొని లేచాడు. బీపీ మాట మళ్లీ ఎత్తలేదు. (చాలా ఏళ్లు బతికాడు కూడా. బతికినన్నాళ్లూ అది శ్రవణమేనని అందరికంటే గట్టిగా చెప్పింది ఆయనే.)

దినాలు అయ్యాక పంతులు ఫోన్ పట్టుకొని నా దగ్గరికొచ్చి, "మేడం, నన్నడుగకుండ ఏదీ మారొద్దు. ఉన్న ఒక్కటి గూడ బందు చెయ్యి," అన్నాడు. పంచాంగం యాప్‌కు కూడా ఆటో అప్‌డేట్ తీసేశాను. ఎప్పుడైనా కొత్తది వేసుకుంటే మొట్టమొదట ఊరి పేరు చూసుకోమని చెప్పాను, ఈసారి అరవకుండా. నా ఫోన్‌లోనూ అప్పటి నుంచి అదే పద్ధతి. తీరిక దొరికినప్పుడు కూర్చొని, ఏం మారుస్తున్నారో చదివి, ఒక్కొక్కటి నా వేలితో నేనే నొక్కుతాను. అంత చాదస్తమేమిటని మా కాలేజీలో కుర్ర లెక్చరర్లు నవ్వుతారు. నవ్వనీ. వాళ్లతో వాదించే ఓపిక నాకింకా ఉంది.

కానీ ఆ రోజులు తలుచుకుంటే నాకు గుర్తొచ్చేది ఫోన్ కాదు. పెద్దమ్మ దినాలయ్యాక గిర్ని మళ్లీ తెరిచిన పొద్దు. కొంగు కింద గిన్నె దాచిన ముసలామెదే మొదటి వంతు. వదిన బెల్టు పట్టా బిగించి మోటారు వేసింది. గడప పక్కన పీట ఖాళీగా ఉంది. నేను దాని పక్కన నిలబడి, లండన్ సంగతి అప్పటికి వందోసారి ఎవరికో చెబుతున్నాను, నేనెలా పట్టుకున్నానో, కాక ఏమన్నాడో. వదిన జొన్నలు పోస్తూ, చూపు గిర్ని మీది నుంచి తిప్పకుండా అంది: "గంత కొట్లాడినవ్ పిల్లా. ఒక్కపారన్న ఏడ్వకపోతివి."

నిజమే, ఏడవలేదు. ఏడవడానికని కూర్చొని లేచినదాన్ని, మళ్లీ కూర్చోనే లేదు. గిర్ని చప్పుడు ఎక్కువైందని అనే మనిషి లేదన్న సంగతి అప్పుడు తెలిసింది. వేడి వేడిగా దిగుతున్న జొన్నపిండి మీదికి వంగి, డబ్బా అంచు పట్టుకొని, చిన్నపిల్లలా ఏడ్చాను. వదిన పిండి చేత్తోనే నా భుజం పట్టుకొని నెట్టింది.

"అవుతలికి జరిగి ఏడువు. పిండిల పడుతున్నయ్."

జరిగాను. ఒకరు చెప్పిన మాటను మారు మాట్లాడకుండా విన్నది నా జీవితంలో బహుశా ఆ ఒక్కసారే.