అవ్వ వాయించిన సగం

ఆ రోజుల్లో కరెంటు పోతే తప్ప మా ఇంట్లో నిశ్శబ్దం ఉండేది కాదు. తిరుపతిలో మాది రెండు గదుల ఇల్లు. సాయంత్రమయ్యేసరికి ముందు గదిలో అవ్వ (మా నాయనను కన్నతల్లి, మా వీధి పిల్లలందరికీ సంగీతం టీచరు) శృతిపెట్టె స్విచ్చి వేసేది. ఆ పెట్టెకు వచ్చినవి ‘స’, ‘ప’ రెండే స్వరాలు. వాటినే ఆపకుండా, అలసిపోకుండా మోగించేది. వెనక గదిలో నేనూ, నాయన సెకండ్ హ్యాండులో కొనిచ్చిన కీబోర్డూ. అప్పుడే డిగ్రీలో చేరాను. నాకన్నా ముందు ఈ లోకంలో సంగీతం ఉండేదంటే అంతగా నమ్మని వయసు అది.

నేను నేర్చుకుంటున్నవి సెవెన్త్ కార్డులు. అంటే స, గ, ప, ని నాలుగూ కలిపి ఒక్కసారే నొక్కాలి. చెప్పడానికి బాగానే ఉంటుంది గానీ, నా నాలుగు వేళ్ళూ బస్సు దిగే ప్యాసింజర్లలాగా ఒకదాని తర్వాత ఒకటి దిగేవి. ఫోనులో వీడియో పాఠాలు చెప్పే చెన్నై మాస్టారు కొన్నాళ్ళు ఓపిక పట్టి, చివరికి వాయిసింగ్ అనే ఉపాయం చెప్పారు. కార్డులో ఏ స్వరం ఉంచాలి, ఏది వదిలేయాలి, ఉంచినవాటిని ఎలా పేర్చుకోవాలి అన్నదే ఆ విద్య. “‘స’ను బ్యాండులో బేస్ గిటారాయన చూసుకుంటాడమ్మా. ‘ప’ ఉన్నా లేకున్నా ఒకటే. నీకు ‘గ’, ‘ని’ చాలు” అన్నారు. రెండు వేళ్ళతో అయిపోయే పని! బేస్ గిటారు సంగతి ఆ సంతోషంలో నా చెవిన పడలేదు.

ఆ సాయంత్రమే వాయించి చూశాను. గది నిండిపోయింది. ఎంత నిండుగా, ఎంత హుందాగా మోగిందో, నా వేళ్ళను నేనే ముద్దు పెట్టుకున్నాను (ఎవరూ చూడలేదు). వేరే శృతిలో కార్డు పట్టుకుంటే మాత్రం ముందు గదిలోంచి కేక వచ్చేది: “ఏందే అది! పిల్లోళ్ళ శృతి చెడిపోతాండాది!” గొడవెందుకని అవ్వ శృతిలో కుదిరేవే వాయించుకునేదాన్ని. వాటి మీద కుడిచేత్తో మోహన రాగంలో చిన్న వరుస కట్టాను. అది ఇంకా పెద్ద నేరమైపోయింది. “మోహనలో ‘ని’ యాడిదే? ఎవురు పిలిచినారు దాన్ని?” అని అవ్వ. “ఆ ఒక్క ‘స’నే పట్టుకుని ఎన్నాళ్ళు వేలాడతావవ్వా? సంగీతం చాలా ముందుకు పోయింది” అని నేను.

ఆ మాటకు అవ్వకు బాగా కోపమొచ్చింది. “మన చిత్తూరు పిల్ల రిసెప్షన్లో వాయించు. నలుగురూ బాగుందంటే ఉంచుకో. లేదంటే నీ పెట్టె అటకెక్కాల్సిందే” అంది. చిత్తూరు పిల్ల అంటే మా మేనత్త కూతురు. నాయన ఇద్దరి మధ్యా నిలబడి చాలాసేపు కళ్ళద్దాలు తుడుచుకున్నాడు గానీ, తీర్పు మారలేదు.

చిత్తూరు కల్యాణమండపంలో స్టేజీ ఎక్కాను. ముందు ఉత్త కార్డులతో జనాన్ని మురిపించి, తర్వాత వరుస అందుకోవాలని నా ప్లాను. రెండు వేళ్ళూ దించాను. స్పీకర్లలోంచి వచ్చింది నా కార్డు కాదు, ఘాట్ రోడ్డులో లారీ హారను. మళ్ళీ నొక్కాను. మళ్ళీ లారీయే. మొదటి వరసలో ఒక బాబు ఏడుపందుకున్నాడు. సౌండు సిస్టం అన్న పరిగెత్తుకొచ్చి, “ఉండు పాపా, ఒక స్పీకరు పోయినట్టుండాది, సూస్తా” అని వైర్లన్నీ కదపడం మొదలుపెట్టాడు. పోయింది స్పీకరు కాదని నాకు తెలుసు. ఏం పోయిందో మాత్రం తెలియదు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అటక మీద పాత ఇత్తడి బిందెల పక్కన నా కీబోర్డు కనిపించింది.

అప్పుడు అవ్వ లేచింది. ఆఖర్లో హారతి పాట పాడాలని చేతిసంచిలో తెచ్చుకున్న శృతిపెట్టెను నా కీబోర్డు పక్కన పెట్టి, స్విచ్చి వేసి, మైకు దాని మీదికి వంచింది. నన్ను కాపాడాలని కాదు. “శృతి లేకుండా ఎవురన్నా వాయిస్తారా? మానం పోతాండాది!” అని పళ్ళ బిగువున తిట్టి, “ఊ, కానీ” అంది.

వేళ్ళు దించాను. మా వెనక గది మోత, అదే నిండుతనంతో, మండపమంతా పరుచుకుంది. స్టేజీ కింద నుంచి సౌండు సిస్టం అన్న “వచ్చె, వచ్చె! వైరు లూజు!” అని అరిచాడు. వరుస వాయిస్తున్నానన్న మాటే గానీ, నా మనసు అక్కడ లేదు. ఇన్నాళ్ళూ నేను ముద్దు పెట్టుకున్న కార్డులో సగం గోడ అవతల నుంచి అవ్వ వాయిస్తున్నదన్నమాట! అందరూ చప్పట్లు కొట్టారు. తిరుగు బస్సులో అవ్వ నా భుజం మీద తల వాల్చి, కళ్ళు మూసుకునే చెప్పింది. “కీబోర్డు ఉంచుకో. మోహనలో ‘ని’ మాత్రం నేనొప్పుకోను.”

ఇప్పుడు నేను చిత్తూరులోనే కాపురముంటున్నాను. నాలుగు వేళ్ళూ ఒక్కసారే దిగుతాయి, ఏ శృతిలోనైనా. అయినా కొన్ని సాయంత్రాలు తిరుపతికి ఫోన్ చేసి, స్పీకరు ఆన్ చేసి, కీబోర్డు మీద పెడతాను. అవతల పిల్లల గోల వెనక ఆ పెట్టె మోగుతూ ఉంటుంది. “ఏమే, ఫోన్ చేసి మాట్లాడకుండా వాయిస్తాండావు?” అంటుంది అవ్వ. “పెట్టె ఆపొద్దవ్వా, కొంచేపు” అంటాను. ఎంత విద్య వచ్చినా, ఆ కొంచేపూ నేను రెండు వేళ్ళతోనే వాయిస్తాను.