సారె పిన్ని ఫొటో, పాదాలతో సహా

నర్సీపట్నంలో పెళ్లిసారె అంటే మా వీధి చివరి ఇల్లే. అరిసెలు, లడ్డూలు, సున్నుండలు, జంతికలు అన్నీ అక్కడే తయారవుతాయి. ఆ ఇంటావిడను ఊరంతా సారె పిన్ని అంటారు, నేనూ అలాగే పిలుస్తాను. నా ఫొటో వల్లే ఆవిడ పేరు అనకాపల్లి దాకా పాకిందని నా మందుల షాపుకి వచ్చేవాళ్లు ఈ మధ్య అంటున్నారు. మొదట్లో నేను కాదనలేదు. వినడానికి బాగుండేది. కానీ నేను నా ఇష్టప్రకారం తీసిన ఫొటో ఆవిడను చంపేసింది. ఆ తర్వాత బతికించుకున్నది ఆవిడే. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నాకు ఫొటోల పిచ్చి. ఆదివారం షాపు మూసి, తాండవ రిజర్వాయరు మీద కొంగల కోసమో, ఘాట్ రోడ్డులో మంచు కోసమో తెల్లారకముందే బండి తీస్తాను. మిగతా రోజుల్లో సంతలోనో బస్ కాంప్లెక్స్‌లోనో కనిపించిన ముఖాలు తీసుకుంటాను. ముడతలు, పొగ, సగం నీడ నాకు ఇష్టం. రంగులు తీసేస్తే ఫొటోకి బరువొస్తుందని నా నమ్మకం.

ఆ శనివారం సాయంత్రం పిన్ని పొయ్యి ముందు కూర్చుని ఉంది. పొగకి కళ్లు సగం మూసుకుంది. దేవుడి గూట్లో దీపం వెలుగు ఒక చెంప మీద పడుతోంది. దగ్గరగా వెళ్లి ముఖం ఒక్కటే తీశాను. నలుపు తెలుపు చేసి, చుట్టూ నల్ల అంచు పెట్టి, ఆదివారం కొండెక్కే ముందు మా ఊరి గ్రూపులో పెట్టాను. కింద ఒక్క మాట రాయలేదు. ఫొటోయే మాట్లాడాలని నా ఉద్దేశం. ఆవిడకు చూపించనూ లేదు.

కొండ మీద సిగ్నల్ ఉండదు. కిందికి దిగేసరికి జేబులో ఫోను ఆగకుండా మోగడం మొదలుపెట్టింది. ఇన్నాళ్లకు ఊరికి నా ఫొటో నచ్చిందనుకున్నాను. బండి ఆపి, టీ చెప్పి, తీరిగ్గా తెరిచాను.

ఓం శాంతి. ఓం శాంతి. ఆమె చేతి అరిసెలు ఇక ఎక్కడ దొరుకుతాయి. ఎలా జరిగిందని ఒకరు అడిగితే, గుండెపోటట అని ఇంకొకరు జవాబిచ్చారు.

నల్ల అంచులో నలుపు తెలుపు ముఖం ఎవరిది పెడతారో మన దగ్గర చిన్నపిల్లలకీ తెలుసు. నాకే తట్టలేదు. సిగ్గేసింది. అక్కడే నిలబడి, ఏ వివరణా రాయకుండా ఫొటో తీసేశాను. అది ఇంకా పెద్ద తప్పు. ఇంట్లోవాళ్లు బాధపడి తీయించేశారు పాపం అని జనం ఖాయం చేసుకున్నారు.

నేను వెళ్లేసరికి పిన్ని వాకిలి నిండా మనుషులే. పిన్ని అక్క నాతవరం నుంచి ఆటోలో వచ్చి గుమ్మంలో కూలబడి ఏడుస్తోంది. పిన్ని గరిటె పట్టుకుని ఆమె ముందు నిలబడి ఉంది.

“బతికే ఉన్నాను కదేటే అప్పా. ఇంకా ఎందుకేడుస్తావు?”

“దారి పొడుగునా ఏడిసేను. బేగి ఆగుతాదేటి?”

“ఆటోవోడు కిరాయి తీసుకున్నాడా?”

“నేదే. సావింటికని ఒద్దన్నాడు.”

“అయితే నా సావు నీకు కలిసొచ్చింది. లోపలికొచ్చి కాఫీ తాగు.”

అంతలో పిన్ని ఫోను మోగింది. రావికమతం పెళ్లివారు. మర్నాటికి వాళ్లకు సారె అందాలి. ఆవిడ స్పీకర్ పెట్టింది. పెళ్లికూతురి తండ్రి నసిగాడు.

“మీరు బాగున్నారని తెలిసిందండీ, సంతోషం. కానీ మా ఇంటావిడ ఒప్పుకోటం నేదండీ. ఊరంతా ఓం శాంతి పెట్టినావిడ సేతి సారె పిల్లతో అత్తారింటికి ఎలా పంపుతామంటంది. ఏటీ అనుకోకండి.”

ఫోను పెట్టేసి పిన్ని లోపలికి చూసింది. లోపల అప్పుడే దంచిన తడిపిండి టబ్బుల నిండా ఉంది. ఆ రోజు పాకంలో కలపకపోతే పులిసిపోతుంది. పిండి సంగతి అటుంచితే, ఒక పెళ్లివారు శకునం బాలేదని వెనక్కి పోతే రేపు ఇంకో పెళ్లివారు రారు. పిన్ని బతుకంతా శుభకార్యాల మీదే.

“పిన్నీ, ఆ ఫొటో పెట్టింది నేనే” అన్నాను. “క్షమాపణ రాస్తాను.”

“నువ్వా బావూ. ఎవడో పనీపాటా నేనోడనుకున్నాను. ఏదీ, సూపించు.”

ఫోనులో దాచుకున్నది చూపించాను. ఆవిడ కళ్లు చికిలించి చాలాసేపు చూసింది.

“ఇది సూస్తే నాకే ఏడుపొస్తంది. ఫొటో సూసి నమ్మినోళ్లు నువ్వు రాసింది సదువుతారేటి? ఇంకోటి తియ్యి. ఈసారి నాను సెప్పినట్టు తియ్యాల.”

ముందు పాకం పట్టమని పనివాళ్లను కేకేసింది.

“సారె ఎవరికి పిన్నీ?” అని వాళ్లలో ఒకామె అడిగింది.

“ఆళ్లకే. ఆళ్లొద్దంటే ఈ బావు మాత్రల పక్కన పెట్టుకుని అమ్ముకుంటాడు.”

పిన్ని ఆకుపచ్చ పట్టుచీర కట్టుకుని వచ్చింది. ట్యూబులైట్లన్నీ వేయించింది. కిటికీ వెలుగు చాలన్నాను. “లైట్లుండగా సీకటెందుకు?” అంది. గులాబీ రంగు ప్లాస్టిక్ టబ్బులు పక్కకు జరపబోయాను. “అవి నా సామాన్లు. ఉండనీ.” అలవాటు కొద్దీ ముఖం దగ్గరికి వెళ్లాను.

“దూరంగా ఎల్లు. నా పాదాలు రావాల. ముందుకే ఉన్నాయని అందరూ సూడాల.”

ఒక చేతిలో గరిటె, ఇంకో చేతిలో నెయ్యి కారుతున్న అరిసె. చుట్టూ పనివాళ్లు, ఉబ్బిన కళ్లతో నవ్వుతున్న అక్క. నేను ఇన్నేళ్లు ఏవేవి వద్దని పక్కకు నెట్టానో అవన్నీ ఆ ఫొటోలో ఉన్నాయి. కానీ ఆ ఇంటికి యజమాని ఎవరో చూడగానే తెలుస్తుంది. దాన్ని గ్రూపులో పెట్టి, పొద్దుటి ఫొటో నాదేననీ, సారె పిన్నికి ఏమీ కాలేదనీ, ఈ పూట అరిసెలు వండుతోందనీ రాశాను. గుండెపోటు అన్నవాడెవడని జనం ఒకటే అడగడం. ఆ మనిషి కాసేపటికి గ్రూపులోంచి వెళ్లిపోయాడు.

పొద్దువాలుతుండగా కారొకటి వచ్చి ఆగింది. పెళ్లికూతురి తల్లి మూతి బిగించుకుని దిగింది. పిన్నిని తల నుంచి కిందిదాకా చూసి, పాదాల దగ్గర కాస్త ఆగింది. పిన్ని బతిమాలలేదు. వేడి అరిసె ఒకటి ఆమె చేతిలో పెట్టింది.

“తినండమ్మా. సచ్చినోళ్లు సేస్తే ఇలా ఒస్తాయేటి?”

ఆమె నవ్వాపుకోలేకపోయింది. సగం తిన్నాక, “మా ఆయనే తొందరపడ్డారండీ” అంది.

కారులోంచి “నేనా” అని ఒక్క మాట వినిపించింది.

పెళ్లికి నన్నూ లాక్కెళ్లింది పిన్ని, ఫొటోలు తీయమని. పందిట్లో సారె బిందెలు వరసగా పెట్టారు. ఎవరు చేశారని పెళ్లికొడుకు తల్లి అడిగితే, పెళ్లికూతురి తల్లి స్వయంగా పిన్నిని చెయ్యి పట్టుకుని ముందుకు తీసుకొచ్చి, బొట్టు పెట్టి, తాంబూలం ఇచ్చింది.

“మాఘంలో మా చిన్నమ్మాయి పెళ్లండీ” అంది పెళ్లికొడుకు తల్లి. “ఆ సారె కూడా మీరే చెయ్యాలి.”

పిన్ని నా వైపు ఓరగా చూసింది.

“తప్పకుండా సేస్తానమ్మా. అందాకా ఈ బావు నన్ను బతకనిస్తే.”

పందిరంతా నవ్వింది. అందరికంటే గట్టిగా నవ్వింది పిన్నే.